కానుగ నూనె – డీజిలు యంత్రం : ఒక శతాబ్దపు కథ



"డీజిలు" అనే మాటను మనం దినదినమూ వాడుతూనే ఉన్నాము. అదేదో ఒక ద్రవపదార్థానికి పెట్టిన పేరని అనుకుంటాము. నిజానికది ఒక మనిషి ఇంటిపేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1858 మార్చి 18న పారిస్ నగరంలో జర్మన్ దంపతులకు జన్మించాడు. ఆయన పేరు మొదట ఆయన కనిపెట్టిన యంత్రానికి పేరయింది, తరువాత ఆ యంత్రం త్రాగే నూనెకూ పేరయింది. ఆ పేరు ముందు "ప్రాణము" అనే అర్థమిచ్చే గ్రీకు మాట చేర్చగా "బయోడీజిల్" అయింది. మన పత్రికలవారు "జీవ ఇంధనము" అన్నారు. మాట బాగానే ఉంది గాని, అందులో డీజిల్ మహాశయుడు మాయమయ్యాడు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడిని గనుక ఈ సమాసం దగ్గర కాసేపు ఆగాను. ఆగిన చోట ఒక చరిత్ర కనిపించింది. ఆ చరిత్రలో మా అనంతపురం సీమకు రెండు చోట్ల స్థానం ఉంది: ఒకటి వేరుశనగ వలన, రెండవది కానుగ చెట్టు వలన. దానినే ఇక్కడ వ్రాస్తున్నాను.

మాది నల్లమాడ. పూర్వం అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా వాన మారలేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షం. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురాన్ని చెప్పుకోవడం చిన్ననాటి నుండీ వింటున్నదే. ఇటువంటి నేలపై వాహనాలకు ఇంధనం పండించవచ్చునని ఇరవై ఏళ్ళ క్రితం కొందరు పెద్దలు నమ్మారు, నమ్మించారు. ఆ నమ్మకం ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడ తప్పింది, అందులో నిలిచేది ఏమైనా ఉన్నదా అన్నదే ఈ వ్యాసవిషయం.

ఒక పుక్కిటి పురాణం

ప్రతి ఆగస్టు 10వ తేదీని మన దేశంలో జీవ ఇంధన దినోత్సవంగా జరుపుతారు. 2015 నుండి కేంద్ర పెట్రోలియం శాఖ ఈ ఉత్సవాన్ని నిర్వహిస్తూ వస్తున్నది. ఆ రోజున చెప్పే కథ ఒకటుంది. 1893 ఆగస్టులో డీజిల్ తన తొలి యంత్రాన్ని వేరుశనగ నూనెతో నడిపించాడని. వినడానికి, ముఖ్యంగా వేరుశనగ పండించే మా జిల్లావారికి, ఎంతో సొంపైన కథ. కాని చరిత్ర అలా చెప్పదు.

1893 ఆగస్టు 10న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో జరిగింది తొలి ప్రయోగం మాత్రమే. సిలిండరులో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం తనంతట తాను అంటుకుంటుందా అన్నది ప్రశ్న. అంటుకుంది, పేలింది, కొలత పరికరం పగిలింది. ఆనాడు వాడినది పెట్రోలియం జాతి ఇంధనమే. యంత్రం తన సొంత శక్తితో తిరిగినది 1894 ఫిబ్రవరి 17న, అదీ ఒక నిమిషం పాటు. సరిగ్గా మూడేళ్ళ తరువాత, 1897 ఫిబ్రవరి 17న, ఆచార్య మోరిట్జ్ ష్రోటర్ జరిపిన పరీక్షలో ఇంధనపు శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చి చూపింది. ఆనాటి ఆవిరి యంత్రాలు పది శాతం తెస్తే గొప్ప.

మరి వేరుశనగ నూనె మాట అబద్ధమా? కాదు, ఏడేళ్ళు ఆలస్యం, అంతే. 1900వ సంవత్సరంలో పారిస్‌లో జరిగిన విశ్వప్రదర్శనలో ఓటో కంపెనీ వారు ఒక చిన్న డీజిలు యంత్రాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపారు. అది ఎంత సాఫీగా నడిచిందంటే, అందులో పోసినది వేరే నూనె అన్న సంగతి చూపరులలో కొద్దిమందికి తప్ప తెలియనే లేదట. ఈ ముచ్చటను డీజిలే 1912లో తన ప్రసంగంలో చెప్పాడు. చెబుతూ ఆ ఆలోచన తనది కాదనీ, ఫ్రెంచి ప్రభుత్వానిదనీ స్పష్టంగా పేర్కొన్నాడు. ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలలో వేరుశనగ విస్తారంగా పండేది. అక్కడికి బొగ్గునో పెట్రోలియాన్నో ఓడలలో మోసుకుపోయే బదులు, అక్కడ పండిన నూనెతోనే అక్కడి యంత్రాలను నడుపుకోవచ్చునా అని దొరలు యోచించారు.

ఈ చిన్న వివరాన్ని మిత్రులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. వృక్షతైలంతో యంత్రాన్ని నడపాలన్న తొలి ఊహలోనే ఒక అమరిక ఉంది. ఇంధనం కావలసినది ఒకరికి, నేల మరొకరిది. ఈ అమరిక మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

డీజిల్ తన చివరి రోజులలో వృక్షతైలాలపై గొప్ప ఆశలే పెట్టుకున్నాడు. ఈనాడు అల్పంగా కనిపించినా ఇవి ఒకనాడు పెట్రోలియమంత ముఖ్యమవుతాయని భావించాడు. ఆ "ఒకనాడు"ను ఆయన చూడలేదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండుకు పోతున్న డ్రెస్డెన్ అనే ఓడలో నుండి ఆయన అదృశ్యమయ్యాడు. కొన్ని దినాల తరువాత సముద్రంలో ఒక శవం కనిపించింది, దాని జేబులోని వస్తువులను కుమారుడు గుర్తించాడు. అది ఆత్మహత్యయో, ప్రమాదమో, మరేదో నేటికీ తేలలేదు.

చిక్కదనం అనే చిక్కు

వేరుశనగ నూనెతో యంత్రం నడిచినప్పుడు లోకమంతా దానినే ఎందుకు వాడలేదు? మొదటి కారణం ధర. నేలలో నుండి తోడిన పెట్రోలియం చవక, పొలంలో పండించిన నూనె ప్రియం. రెండవది చిక్కదనం. మామూలు డీజిలుతో పోలిస్తే వృక్షతైలం పది రెట్లకు పైగా చిక్కన. డీజిలు యంత్రంలో ఇంధనాన్ని సన్నని రంధ్రాల గుండా పొగమంచులా చిమ్మాలి. చిక్కని నూనె తుంపరగా చిమ్మదు, బిందువులుగా పడుతుంది. పూర్తిగా కాలదు. నాజిల్ దగ్గర మసి గడ్డకడుతుంది, పిస్టన్ రింగులు అంటుకుపోతాయి, క్రింద ఉన్న కందెన నూనె చెడిపోతుంది. ఒక గంట ప్రదర్శనలో ఇవేవీ కనిపించవు, ఒక సాలు నడిపితే అన్నీ కనిపిస్తాయి.

ఈ చిక్కును విప్పినవాడు బెల్జియం దేశస్థుడు. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ 1937 ఆగస్టు 31న ఒక పేటెంటు పొందాడు. నూనె అణువులో గ్లిజరిన్ అనే వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు వ్రేలాడుతుంటాయి. దానికి ఆల్కహాలు కలిపి తగిన ఉత్ప్రేరకం చేర్చితే గొలుసులు గ్లిజరిన్‌ను వదలి ఆల్కహాలును పట్టుకుంటాయి. గ్లిజరిన్ బరువుగా అడుగుకు దిగుతుంది, పైన తేలినది పలుచని ఇంధనం. ఇదే నేడు మనం బయోడీజిల్ అంటున్నది. లెక్క కూడా సులభం. సుమారు 100 కిలోల నూనెకు 10, 11 కిలోల మిథనాలు కలిపితే దాదాపు 100 కిలోల బయోడీజిలు, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. 1938లో బ్రస్సెల్స్, లూవెన్ నగరాల నడుమ ఒక బస్సు ఈ ఇంధనంతో తిరిగింది. అందులో వాడినది పామాయిలు. బెల్జియం దేశంలో తాటిజాతి నూనెచెట్లు లేవు, అవి ఉన్నది వారి వలస రాజ్యమైన కాంగోలో. అమరిక గుర్తుకు వచ్చిందనుకుంటాను.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలియం కొరత ఏర్పడినప్పుడు మన దేశంలోనూ ఈ యోచన సాగింది. చౌదరి, ముఖర్జీ, అగర్వాల్, వర్మన్ అనే శాస్త్రజ్ఞులు 1942లోనే భారతీయ వృక్షతైలాలను డీజిలు యంత్రాలకు వాడడంపై పరిశోధనాపత్రం ప్రకటించారు. 1947లో అమృతే అనే ఆయన ప్రత్యేకించి వేరుశనగ నూనెపై వ్రాశాడు. యుద్ధం ముగిసింది, చమురు మళ్ళీ చవకయింది, కాగితాలు అటకెక్కాయి.

శనక్కాయ సీమలో పామాయిలు

ఇక మా సీమకు వద్దాము. 1900లో పారిస్‌లో ఏ గింజ నూనె యంత్రాన్ని నడిపిందో, ఆ గింజను దేశంలోకెల్లా అత్యధికంగా పండించిన జిల్లా అనంతపురం. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంట ఇరవయ్యవ శతాబ్దంలో ఇక్కడి ఎర్రనేలలను క్రమంగా ఆక్రమించింది. కొర్ర, సామ, ఆరిక, జొన్న ఒక్కొక్కటే తప్పుకున్నాయి. శతాబ్దం చివరికి ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శనక్కాయ ఒక్కటే. వాన వచ్చిన ఏడు రైతు ఇంట పండుగ, రాని ఏడు బెంగుళూరుకు బస్సు.

అయితే ఆ నూనెను ఇంజనులో పోసే ఊహ ఇక్కడెవ్వరికీ రాలేదు, రావలసిన పనీ లేదు. వంటనూనె ధర ఎన్నడూ డీజిలు ధర కంటే ఎక్కువే. పైగా మన దేశం తినే నూనెలో సగానికి పైగా విదేశాల నుండి కొంటున్నాము. అందుకే ప్రభుత్వం తినే నూనె జోలికి పోకుండా, తినరాని నూనె గింజల వైపు చూసింది. శనక్కాయ పండించే రైతు కాయలను మండీకి తోలి, తన ఇంట్లో తిరగమోతకు చవకగా దొరికే పామాయిలు ప్యాకెట్టు కొనుక్కోవడం మా వైపు అందరికీ తెలిసిన సంగతి. ఈ పామాయిలు కథ చివరలో మళ్ళీ వస్తుంది.

కానుగ పేరు, కానుగ పని

తినరాని నూనెలలో మనవాళ్ళకు తరతరాలుగా తెలిసినది కానుగ. సంస్కృతంలో కరంజము, నక్తమాలము. అమరకోశం వనౌషధి వర్గంలో ఈ పేర్లున్నాయి. కన్నడంలో హొంగె. తమిళంలో పుంగం, వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పొంగామియా అనే లాటిను పేరు ఈ దక్షిణాది మాట నుండి వచ్చినదే. కొన్ని ప్రాంతాలలో ఈ చెట్టును గానుగ చెట్టనే అంటారు. నూనె తీసే గానుగకూ, నూనె ఇచ్చే కానుగకూ మాటలో ఇంత దగ్గరితనం ఉండడం ముచ్చటైన విషయమే గాని, రెండింటికీ ధాతువు ఒక్కటేనని చెప్పే సాహసం నేను చేయను.

కానుగ మా వైపు ఎవరూ ప్రత్యేకించి పెంచని చెట్టు. చెరువు కట్ట క్రింద, వంక ఒడ్డున, మడి గట్టున తనంతట తానే ఉంటుంది. వేళ్ళు లోతుకు పోతాయి గనుక కరవును తట్టుకుంటుంది. చిక్కుడు కుటుంబానికి చెందినది గనుక గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. పొద్దున్నే దాని పుల్లతో పండ్లు తోముకున్నాము. వరిమడిలో దాని ఆకును వేసి బురదలో త్రొక్కించేవారు. యూరియా బస్తా రాకముందు అదే ఎరువు. నూనె చర్మరోగాలకు మందు, ఇంటిలో దీపానికి చమురు. కిరోసిన్ పల్లెకు వచ్చి ఆ దీపాన్ని ఆర్పింది. కరెంటు వచ్చి కిరోసిన్‌ను ఆర్పింది. ఇలా ఒక చెట్టు విలువ ఒక్క తరంలోనే మరుపున పడింది.

ఆ మరచిన దీపాన్ని మళ్ళీ తలచినవారు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఉడుపి శ్రీనివాస. పూర్వం పల్లెలలో హొంగె నూనెతో దీపాలు వెలిగించేవారన్న పెద్దల మాట ఆయనను ఆకర్షించింది. దీపంలో మండేది ఇంజనులో ఎందుకు మండదని ప్రశ్నించుకున్నారు. కర్ణాటకలోని కగ్గనహళ్ళి అనే గ్రామంలో వడగట్టిన హొంగె నూనెతోనే డీజిలు జనరేటరును నడిపి, ఆ కరెంటుతో బోరుబావుల నీటిని తోడించారు. రసాయనాలతో మార్చకుండా నూనెను నేరుగా వాడిన ప్రయత్నమిది. నిదానంగా తిరిగే మొరటు ఇంజన్లు కొంత చిక్కదనాన్ని ఓర్చుకుంటాయన్నది దానికి ఆధారం.

పవర్‌గూడ స్త్రీలు

తెలుగునేలపై దీనికి చక్కని ఉదాహరణ ఆదిలాబాదు జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనిది. అక్కడి గిరిజన స్త్రీల స్వయం సహాయక సంఘాలు 2002లో కానుగ మొక్కలు నాటాయి. చుట్టుపట్ల అడవిలో ఉన్న చెట్ల గింజలను ఏరి, ఊరిలోనే మరపట్టి నూనె తీశాయి. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వారికి తోడుగా నిలిచారు. రాబోయే పదేళ్ళలో ఆ ఊరి కానుగ నూనె 51 టన్నులు డీజిలుకు బదులుగా వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలో కలవకుండా ఆగుతుందని లెక్క కట్టారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులకు గాను 645 డాలర్లు ఆ స్త్రీలకు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిపిన ఒక అంతర్జాతీయ సమావేశం వలన కలిగిన కాలుష్యానికి అది పరిహారం.

అప్పటి మారకపు ధరలో ఆ సొమ్ము ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. దేశమంతా పత్రికలు వ్రాశాయి. వ్రాయవలసినదే. అయినా ఒక్క లెక్క చూడండి: టన్నుకు నాలుగున్నర డాలర్ల లోపు, పదేళ్ళ శ్రమకు. పవర్‌గూడ గొప్పతనం ఆ సొమ్ములో లేదు. గింజ ఊరిది, మర ఊరిది, నూనె తీసిన తరువాత మిగిలిన పిండి ఊరి పొలాలకే ఎరువు. అమరిక ఇక్కడ ఒక్కచోట మారింది: నేల ఎవరిదో, నిర్ణయమూ వారిదే.

కోటి హెక్టార్ల కల

సరిగ్గా అదే సమయంలో ఢిల్లీలో మరో కల కంటున్నారు. 2002 డిసెంబరు 31న ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్ రైలును 5 శాతం బయోడీజిలు కలిపిన ఇంధనంతో నడిపారు. 2003 ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ తన నివేదిక ఇచ్చింది. 2011-12 నాటికి దేశపు డీజిలులో 20 శాతం బయోడీజిలు కలపాలి, అందుకు దాదాపు 1 కోటి 12 లక్షల హెక్టార్లలో జట్రోఫా నాటాలి అన్నది సారాంశం. 1 కోటి 12 లక్షల హెక్టార్లంటే ఎంతో ఊహకు అందడానికి చెబుతున్నాను: ఇప్పటి తెలంగాణ రాష్ట్రపు మొత్తం వైశాల్యం, ఊళ్ళూ చెరువులూ అడవులూ కలుపుకొని, అంత.

జట్రోఫా అంటే మన అడవి ఆముదం. కొందరు నేపాళమంటారు. మధ్య అమెరికాలో పుట్టి పోర్చుగీసు ఓడలలో లోకమంతా తిరిగిన మొక్క. పాలు కారుతుంది, మేక ముట్టదు, గింజ విషం. అందుకే కంచెగా నాటేవారు. నీళ్ళు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, రాళ్ళలోనూ పెరుగుతుందని దానికి కీర్తి వచ్చింది. నివేదికలోని లెక్క ఇది: హెక్టారుకు 2,500 మొక్కలు, మొక్కకు ఒకటిన్నర కిలోల గింజ, వెరసి 3,750 కిలోలు, అందులో నుండి సుమారు 1,200 కిలోల నూనె. గుణకారంలో తప్పు లేదు. ఆ ఒకటిన్నర కిలోల దగ్గరే ఉంది తంటా. కంచెగా ఉన్న మొక్క చావకుండా బ్రతకడం వేరు, కాయలు విరగకాయడం వేరు. వాన లేని చోట అది బ్రతికింది, కాయలేదు. కాయాలంటే అన్ని పంటలలాగే దానికీ నీళ్ళు కావాలి, ఎరువు కావాలి. ఏరి కూర్చిన మేలు విత్తనమూ ఆనాటికి లేదు. వరికీ జొన్నకూ వేల ఏళ్ళుగా రైతులు చేసిన ఎంపిక ఆ అడవి మొక్కకు జరగలేదు.

ఆ ఉత్సాహానికి మన రాష్ట్రం ముఖ్య రంగస్థలమైంది. వర్షచ్ఛాయా ప్రాంతాల అభివృద్ధి శాఖ అని ఒక శాఖయే ఏర్పడింది. మేఘమథనమూ దానిదే, జీవ ఇంధన తోటలూ దానివే. 2006 జూన్‌లో హైదరాబాదు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో బయోడీజిలుపై, ప్రత్యేకించి జట్రోఫాపై, రెండు దినాల సదస్సు జరిగింది. నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారికి ఈ విషయంపై గాఢమైన నమ్మకం. అదే సంవత్సరం ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. గుంతలు త్రవ్వడానికి చేతులూ, కూలికి సొమ్మూ దొరికాయి. జట్రోఫా ఫలితాలు నిరాశ కలిగించగా రాష్ట్ర ప్రభుత్వం కానుగ వైపు మొగ్గింది. ఉపాధి పనులలో కానుగ మొక్కలు విరివిగా నాటించారు. నల్గొండ జిల్లా చౌటుప్పల్ ప్రాంతంలో 2007లో ఒక బయోడీజిలు కర్మాగారం కూడా వెలిసింది.

"బంజరు" అనే మాట

ఈ పథకాలన్నీ ఒకే మాటపై ఆధారపడ్డాయి: బంజరు. పంట నేల జోలికి పోము, వృథాగా పడి ఉన్న నేలలోనే నాటుతాము అన్నారు. వృథాగా పడి ఉన్న నేల ఎక్కడున్నది? రెవెన్యూ దస్తావేజులలో బంజరు, పోరంబోకు, అనాధీనం అని వ్రాసి ఉంటుంది. అనాధీనమంటే ఎవరి అధీనమూ కానిది. పన్ను రాని నేలకు ప్రభుత్వం పెట్టుకున్న పేర్లివి. ఊరివాళ్ళకు అదే నేల గొర్రెల మేత, వంటచెరకు, చీపురుగడ్డి, సీతాఫలాలు, వేసవిలో పశువులు తిరిగే చోటు. సెంటు భూమి లేనివాడికి ఊరిలో మిగిలిన ఆస్తి అదొక్కటే. పన్ను లెక్కలో శూన్యమైనది బ్రతుకు లెక్కలో శూన్యం కాదు. మేక ముట్టని మొక్కను అక్కడ నాటడమంటే మేకల కాపరికి ఆ గుట్టను మూసివేయడమే. 1900లో ఆఫ్రికా నేలను చూసిన కన్నూ, 2003లో మన గుట్టలను చూసిన కన్నూ ఒకదానికొకటి అంత దూరమైనవి కావు.

ఇక ధర సంగతి. 2005 అక్టోబరులో ప్రకటించిన కొనుగోలు విధానం ప్రకారం 2006 జనవరి 1 నుండి చమురు సంస్థలు లీటరు బయోడీజిలును 25 రూపాయలకు కొనాలి. లీటరు కానుగ నూనె రావాలంటే మరలో నాలుగు కిలోల వరకు గింజ పడుతుంది. ఇరవై ఐదును నాలుగుతో భాగిస్తే ఆరుంబావు. అందులో మర ఖర్చు, మిథనాలు, రవాణా, కర్మాగారపు లాభం తీసివేయగా గింజ ఏరిన మనిషికి మిగిలేదెంత? ఎండలో చెట్లక్రింద తిరిగి, కాయలేరి, ఒలిచి, రోజంతా కష్టపడితే వచ్చేది ఉపాధి కూలికంటే తక్కువ. గింజ రాలేదంటే ఆశ్చర్యమేమి? కానుగ నాటిన ఐదారేళ్ళకు గాని కాపుకు రాదు; నాటిన కూలి ఇచ్చినవారు అన్నాళ్ళు నీళ్ళు పోసే కూలి ఇవ్వలేదు. దేశంలోని కర్మాగారాలు గింజలు దొరకక పామాయిలు మడ్డి, చేపనూనె, జంతువుల కొవ్వు వంటి వాటితో నెట్టుకొచ్చాయి, కొన్ని మూతపడ్డాయి. విదేశాలలోనూ ఇదే గతి. జట్రోఫా తోటల కోసం డీ-వన్ సంస్థతో చేతులు కలిపిన బ్రిటిషు చమురు సంస్థ బీపీ 2009లో తప్పుకుంది.

మరి శుభ్రమైనదేనా?

ఇంత చెప్పాక, బయోడీజిలు గుణాలను కాదనడం న్యాయం కాదు. దానిలో గంధకం దాదాపు లేదు. బరువులో సుమారు 11 శాతం ప్రాణవాయువు ఉండడం వలన ఇంకా పూర్తిగా కాలుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, డీజిలులో 20 శాతం బయోడీజిలు కలిపితే పొగలోని నుసి 10 శాతం, కార్బన్ మోనాక్సైడు 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గుతాయి. నత్రజని ఆక్సైడులు మాత్రం 2 శాతం పెరుగుతాయి. లీటరుకు వచ్చే శక్తి కొద్దిగా తక్కువ. పాత ఇంజన్లలో రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఆటో వెనుక నిలబడి ఆ నల్లపొగను పీల్చినవారెవరికైనా ఈ పది శాతం చిన్నదనిపించదు.

అయితే గొట్టం చివర శుభ్రంగా ఉన్నంత మాత్రాన మొదలు శుభ్రమైనదని చెప్పలేము. అడవిని నరికి నూనెచెట్లు నాటితే, ఆ నరికివేతలో గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువును తిరిగి పూడ్చడానికి దశాబ్దాలు చాలవు. ఇండోనేషియాలో జరిగినది అదే. ఈనాడు ప్రపంచంలోకెల్లా పెద్ద బయోడీజిలు పథకాలలో ఒకటి ఆ దేశానిది. 2025 నుండి వారి డీజిలులో 40 శాతం పామాయిలు బయోడీజిలు కలుపుతున్నారు. 2022 ఏప్రిల్ చివరలో, ఉక్రెయిన్ యుద్ధం వలన నూనె ధరలు మండుతున్న వేళ, ఇండోనేషియా పామాయిలు ఎగుమతినే మూడు వారాలకు పైగా ఆపివేసింది. ఆ వారాలలో మా ఊరి అంగడిలో నూనె ప్యాకెట్టు ధర అడిగి వెనుదిరిగిన తల్లులకు, తమ బాణలికీ జకార్తా లారీకీ ఒకే నూనె పోటీ అని ఎవరు చెబుతారు? శనక్కాయలు పండించి పామాయిలు తినే సీమకు జీవ ఇంధనపు చరిత్ర చివరికి అలా చేరింది.

మన దేశపు లక్ష్యాలు క్రమంగా దిగివచ్చాయి. 2009 విధానం 2017 నాటికి 20 శాతమన్నది. 2018 విధానం 2030 నాటికి 5 శాతమన్నది. వాస్తవంగా కలుస్తున్నది ఒక శాతమైనా లేదు. చూపు ఇప్పుడు వాడిన వంటనూనె మీదికి మళ్ళింది. హోటళ్ళలో మరిగి మరిగి నల్లబడిన నూనెను సేకరించి బయోడీజిలుగా మార్చే కార్యక్రమాన్ని 2018 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ఆరంభించింది. 2019లో చమురు సంస్థలు ఆ బయోడీజిలును మొదటి సంవత్సరం లీటరు 51 రూపాయలకు కొంటామని ముందుకు వచ్చాయి. ఇది నాకు సబబుగా తోస్తున్నది. ఎవరి నేలనూ అడగదు. పైగా ఆ నూనె మళ్ళీ బజ్జీల బండికి చేరకుండా ఆపుతుంది.

మరి కానుగ? అది దేశపు లారీలను నడపలేదు, నడపవలసిన అవసరమూ లేదు. ఒక కోటి హెక్టార్ల తోటగా దానిని ఊహించడమే పొరపాటు. గట్టుకు నాలుగు చెట్లుగా, వంకకు ఒక వరుసగా ఉన్నప్పుడు అది ఎవరి మేతనూ అడ్డుకోదు. కాయ రాలేది వేసవిలో, పొలంలో పని లేని రోజులలో. ఊరికొక చిన్న మర ఉంటే పిండి శనక్కాయ చేనికి ఎరువవుతుంది, నూనె ఊరి ఇంజనుకో, స్ప్రేయరులో పురుగుల మందుగానో పనికివస్తుంది. దానికి పవర్‌గూడ స్త్రీల పాటి కట్టుబాటు కావాలి, ఏరిన చేతికి గిట్టే ధర కావాలి. ఈ రెండూ లేకుండా నాటిన మొక్క ఎంత మేలుజాతిదైనా లెక్కలలో మాత్రమే బ్రతుకుతుంది.

మీ మీ ప్రాంతాలలో ఈ చెట్టును ఏ పేరుతో పిలుస్తారో, దాని నూనెను పెద్దలు దేనికి వాడేవారో తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో వ్రాయగోరుతున్నాను. నిఘంటువులలో చేరని పేర్లు ఇంకా ఎన్నో ఉండి ఉంటాయి. చెప్పగలిగిన పెద్దలు ఉండగానే వాటిని ఒకచోట చేర్చి పెడదాము.